ఇంట్లోనే మెత్తటి శాండ్‌విచ్ బ్రెడ్: మన ఎండల్లో, మన మైదాతో, మన ఓటీజీలో

ఇంట్లో చేసిన బ్రెడ్ దించిన రోజు బాగానే ఉండి, మర్నాటికే గట్టిపడి శాండ్‌విచ్ మడిస్తే విరిగిపోతోంది, ఏం చేయాలి అని చాలామంది అడుగుతున్నారు. కొందరిది అసలు పొంగదు. కొందరిది బ్రహ్మాండంగా పొంగి, ఓటీజీలో (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) పెట్టగానే చప్పబడిపోతుంది.

వీటిలో చాలావాటికి కారణం ఒకటే. చల్లటి దేశాల్లో రాసిన రెసిపీలోని టైమును మనం అక్షరం పొల్లుపోకుండా పాటిస్తాం. ‘గంటన్నర పొంగనివ్వండి’ అని రాసినవాళ్ల వంటగది 21 డిగ్రీలుంటే, మే నెలలో విజయవాడలో మన వంటగది 36 ఉంటుంది, ఆ వేడిలో గంటన్నర ఉంచితే పిండి ఎప్పుడో పులిసిపోయి బలం కోల్పోతుంది. అందుకే కింద చెప్పే పద్ధతి మొత్తం పిండి వేడిని అదుపులో ఉంచుకోవడం మీద, గడియారాన్ని పక్కన పెట్టి పిండిని చూసి నిర్ణయం తీసుకోవడం మీద నడుస్తుంది.

## 1. కొలతలు, సామాను

ముందు టిన్ను సంగతి. 8.5 అంగుళాల పొడవు, 4.5 అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల పైన లోతు ఉన్న టిన్నుకు ఈ కొలత సరిపోతుంది. మీ టిన్ను సైజు తెలియకపోతే నిండా నీళ్లు పోసి కొలవండి, లీటరున్నర దాకా పడితే ఇదే కొలత, లీటరుంబావే పడితే అన్నీ ఆరో వంతు తగ్గించుకోండి. చిన్న పిండిని పెద్ద టిన్నులో వేస్తే ఎంత బాగా పొంగినా బ్రెడ్ పొట్టిగానే వస్తుంది, అప్పుడు తప్పంతా ఈస్ట్ మీదకు నెడతాం.

జావకు:
- మైదా 20 గ్రాములు
- పాలు 100 గ్రాములు

పిండికి:
- మైదా 330 గ్రాములు
- నీళ్లు 130 గ్రాములు, పక్కన ఇంకో 15 గ్రాములు
- ఇన్‌స్టంట్ ఈస్ట్ 4 గ్రాములు (చలికాలంలో 5)
- పంచదార 25 గ్రాములు
- మెత్తటి ఉప్పు 6 గ్రాములు
- వెన్న 30 గ్రాములు, గది వేడికి మెత్తబడింది

వంటింటి తూకం తప్పనిసరి. మైదా కప్పుతో కొలిస్తే, వదులుగా పోశారా, కుక్కి నింపారా అన్నదాన్ని బట్టి అదే కప్పులో 120 గ్రాములూ పట్టొచ్చు, 150 కూడా పట్టొచ్చు. మూడు కప్పుల దగ్గరికి వచ్చేసరికి 90 గ్రాముల తేడా, మెత్తటి బ్రెడ్డుకూ ఇటుకకూ మధ్య దూరం అంతే. ఓవెన్ కొనే ముందు తూకం కొనండి అని నేనైతే గట్టిగా చెబుతాను.

కొత్త ప్యాకెట్ ఈస్ట్ అయితే పరీక్ష అక్కర్లేదు. తెరిచి నెలలైతే మాత్రం అరకప్పు గోరువెచ్చటి నీళ్లలో చెంచా పంచదార, చెంచా ఈస్ట్ కలిపి పది నిమిషాలు చూడండి. పైన మందంగా నురగ కడితే పనిచేస్తుంది. నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే పారేయండి, ఎక్కువ వేస్తే సర్దుకుంటుందిలే అనుకోవద్దు. మిగిలిన ఈస్ట్‌ను గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి, మన తేమలో బయట ఉంచితే త్వరగా చచ్చిపోతుంది.

దుకాణంలో ఇచ్చింది ఇన్‌స్టంట్ ఈస్ట్ కాక, లావు పలుకులుండే యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే 5 గ్రాములు తీసుకుని, ముందు కాసిని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి వాడాలి, ఆ నీళ్లను 130 గ్రాముల్లోంచే తీసుకోండి. ఇన్‌స్టంట్‌ను నేరుగా పిండిలో కలిపేయొచ్చు.

## 2. జావ కాయడం

ఈ ఒక్క మెట్టు దాటవేయకండి. బ్రెడ్ రెండో రోజూ మూడో రోజూ మెత్తగా ఉండేది దీనివల్లే. మైదాలోని గంజి పదార్థం 65 డిగ్రీల దగ్గర ఉబ్బి చాలా నీళ్లు పట్టుకుంటుంది, ఆ నీళ్లు బేక్ అయ్యాక కూడా బ్రెడ్ లోపలే ఉండిపోతాయి. పచ్చి పిండిలో అన్ని నీళ్లు పోస్తే చేతికి అంటుకుపోయి పని సాగదు.

చల్లటి పాలలో మైదాను ఉండల్లేకుండా కలిపి, చిన్న మంట మీద తిప్పుతూ ఉండండి. రెండు మూడు నిమిషాల్లో చిక్కబడి, గరిటె తిప్పితే గిన్నె అడుగున గీత కనిపించి నెమ్మదిగా మూసుకుంటుంది. అక్కడ ఆపేయండి. ఉడుకు పట్టి బుడగలు వచ్చేదాకా ఉంచితే నీళ్లు ఆవిరైపోయి ముద్ద కడుతుంది.

పళ్లెంలోకి తీసి పూర్తిగా చల్లార్చండి. వేడి జావను ఈస్ట్‌తో కలపొద్దు. సుమారు 55 డిగ్రీలు దాటితే ఈస్ట్ చనిపోవడం మొదలవుతుంది, అంతకన్నా తక్కువ వేడిలో చావకపోయినా పిండి మొత్తం వేడెక్కి మన లెక్క తప్పుతుంది.

## 3. నీళ్లు ఎంత చల్లగా ఉండాలి

పిసకడం పూర్తయ్యేసరికి పిండి 26 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే పొంగడం మన చేతిలో ఉంటుంది. చిన్న లెక్క ఉంది. 26ను మూడుతో హెచ్చిస్తే 78. అందులోంచి వంటగది వేడి, మైదా వేడి తీసేస్తే వచ్చేదే నీళ్ల వేడి.

వేసవిలో గది 35, మైదా 34 అనుకుంటే 78లోంచి 69 పోతే 9. అంటే ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లు. డిసెంబరులో హైదరాబాద్ వంటగది 22, మైదా 22 ఉంటే 34, అంటే చేతికి కొద్దిగా వెచ్చగా తగిలే నీళ్లు. ‘ఈస్ట్ అంటే గోరువెచ్చటి నీళ్లే’ అన్న అలవాటును వేసవిలో మాత్రం వదిలేయండి, నడివేసవిలో అయితే మైదా డబ్బాను కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

స్టాండ్ మిక్సర్‌లో పిసికేవాళ్లకు యంత్రం రాపిడితో పిండి ఇంకా వేడెక్కుతుంది. వాళ్లు ఈ లెక్క కంటే కూడా చల్లటి నీళ్లు వాడాలి.

## 4. కలపడం, పిసకడం

1. పెద్ద గిన్నెలో మైదా, పంచదార, ఈస్ట్ కలపండి. ఉప్పును వేరే పక్కన వేసి అదీ కలిపేయండి.
2. చల్లారిన జావ, 130 గ్రాముల నీళ్లు పోసి పొడి పిండి కనిపించకుండా కలపండి. పిసకొద్దు.
3. మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయండి. వేసవిలో అయితే గిన్నెను ఫ్రిజ్‌లోనే పెట్టండి.
4. తీసి 5 నిమిషాలు పిసకండి. అప్పుడు వెన్న మూడు విడతలుగా వేస్తూ, ఒక విడత పూర్తిగా ఇంకాకే ఇంకోటి వేస్తూ పిసకండి.
5. వెన్న అంతా కలిశాక ఇంకో 8 నుంచి 12 నిమిషాలు.

ఆ 20 నిమిషాల విశ్రాంతి చూడటానికి ఖాళీ సమయంలా ఉంటుంది గానీ, ఆలోపు మైదా నీళ్లు పీల్చుకుని దానంతట అదే సాగే గుణం పట్టుకుంటుంది. పిసికే శ్రమ సగం తగ్గుతుంది. వెన్న చివర్లో వేయమనేది కూడా అందుకే, ముందే వేస్తే కొవ్వు మైదా కణాలకు పూసుకుని ఆ సాగే గుణం రావడానికి అడ్డుపడుతుంది.

వెన్న పడగానే పిండి ముక్కలుముక్కలై జారుడుగా, పాడైపోయినట్టు కనిపిస్తుంది. టెన్షన్ పడొద్దు, పిండి చల్లొద్దు. రెండు మూడు నిమిషాలు అలాగే కొనసాగించండి, మళ్లీ కలిసిపోతుంది. ఇక్కడే చాలామంది గుప్పెడు మైదా చల్లేస్తారు, మెత్తదనం పోయేది సరిగ్గా అక్కడే. చేతికి అంటుకుంటుంటే వేళ్లకు కాస్త నూనె రాసుకోండి, లేదా గట్టు మీది పిండిని స్క్రేపర్‌తో గీరి మడుస్తూ పిసకండి.

చపాతీ పిండి పిసికినట్టు పిడికిలితో గుద్దితే పని అవదు. అరచేతి మడమతో పిండిని ముందుకు సాగదీసి, వేళ్లతో వెనక్కి మడిచి, పావు చుట్టు తిప్పి, మళ్లీ సాగదీయాలి.

ఎప్పుడు ఆపాలో పిండే చెబుతుంది. నిమ్మకాయంత ముద్ద తీసుకుని మునివేళ్లతో నాలుగు వైపులా నెమ్మదిగా సాగదీసి వెలుతురుకు పట్టండి. పలచటి పొరై, అవతల వేళ్ల నీడ కనిపించాలి. చిరిగినా చిల్లు అంచు నున్నగా ఉంటే చాలు. అంచు గరుకుగా, పీచులు పీచులుగా చిరిగితే ఇంకో నాలుగు నిమిషాలు పిసకండి. సిద్ధమైన ముద్దను నొక్కితే చెవి తమ్మె పట్టుకున్నంత మెత్తగా ఉంటుంది. గట్టిగా అనిపిస్తే పక్కన పెట్టిన 15 గ్రాముల నీళ్లు ఇప్పుడు చెంచా చెంచాగా చేర్చండి.

మైదా బ్రాండును బట్టి నీళ్లు మారతాయి. మన మైదాలో ప్రొటీన్ చాలా ప్యాకెట్లలో 9 నుంచి 11 శాతం మధ్య ఉంటుంది, ప్యాకెట్ వెనక చూస్తే తెలుస్తుంది. వీలైతే 10 దాటినది తీసుకోండి. అమెరికాలో ఉండి బ్రెడ్ ఫ్లోర్ వాడేవాళ్లకు ప్రొటీన్ ఎక్కువ కాబట్టి 15 నుంచి 20 గ్రాముల నీళ్లు అదనంగా పడతాయి.

## 5. మొదటి పొంగు

గిన్నెకు నూనె రాసి, ముద్ద వేసి, మూతపెట్టండి. నిలువు గోడలున్న స్టీలు డబ్బా గానీ గాజు డబ్బా గానీ అయితే ఇంకా మంచిది, ముద్ద ఎత్తు దగ్గర బయట రబ్బర్ బ్యాండ్ వేసుకుంటే రెట్టింపు ఎక్కడో కంటికి తెలుస్తుంది.

మండు వేసవిలో 35 నుంచి 45 నిమిషాలు, మామూలు రోజుల్లో గంట, చలిలో గంటన్నర పట్టొచ్చు. ఇవి ఊరికే అంచనాకు మాత్రమే. రెట్టింపైందా, వేలికి పిండి అద్దుకుని గుచ్చితే గుంట అలాగే నిలబడిందా, ఈ రెండూ చూడండి. గుంట వెంటనే పూడితే ఇంకా టైముంది. గుచ్చగానే ముద్దంతా కూలినట్టైతే ఆలస్యమైంది. అప్పుడు గాలి తీసి, బంతిలా చుట్టి, వెంటనే ఆకారానికి వెళ్లిపోండి, రెండో పొంగును తొందరగా ముగించండి.

మధ్యలో కరెంటు పోయి ఓవెన్ పనిచేయదనిపిస్తే గిన్నెను ఫ్రిజ్‌లోకి మార్చండి. తలుపు మాటిమాటికీ తీయకపోతే రెండు మూడు గంటలు పిండి నెమ్మదించి ఉంటుంది.

## 6. లోఫ్ (బ్రెడ్ దిమ్మ) చుట్టడం

గట్టు మీద పిండి చల్లొద్దు, చుక్క నూనె రాయండి. ముద్దను బోర్లించి అరచేత్తో నొక్కి గాలంతా తీసేయండి. మూడు సమాన భాగాలు చేసి, ఉండలు చుట్టి, పది నిమిషాలు మూతకింద ఉంచండి. ఈ విరామం లేకపోతే కర్రతో ఒత్తిన పిండి రబ్బరులా వెనక్కి లాక్కుంటుంది.

ఒక్కో ఉండను అప్పడాల కర్రతో కోలగా ఒత్తి, అంచుల్లో మిగిలిన బుడగలు నొక్కేసి, రెండు పక్కలా లోపలికి మడిచి, చాప చుట్టినట్టు బిగువుగా చుట్టండి. చివర అతుకును వేళ్లతో నొక్కి మూయండి. అతుకు కిందికి ఉండేలా మూడింటినీ నూనె రాసిన టిన్నులో పక్కపక్కన పెట్టండి. కోసినప్పుడు మధ్యలో పెద్ద పెద్ద కన్నాలు వస్తున్నాయంటే అది ఈ వదులు చుట్టుడు వల్లే.

## 7. రెండో పొంగు: అసలు ఆట ఇక్కడ

తడి గుడ్డను నీళ్లు కారకుండా బాగా పిండేసి టిన్ను మీద కప్పండి, లేదా నూనె రాసిన కవరు వదులుగా వేయండి. ఫ్యాన్ గాలి తగలకూడదు. పైపొర ఎండితే ఓవెన్‌లో పొంగడానికి చోటు లేక పక్కకు పగులుతుంది.

టిన్ను అంచు కంటే మధ్యభాగం ఒక వేలి మందం పైకి వచ్చినప్పుడు సిద్ధమైనట్టు. పక్కన వేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా, సగం వరకే పూడాలి. వేసవిలో ఇది అరగంటలోనే అయిపోవచ్చు.

కాబట్టి ఓవెన్‌ను చివర్లో వేడిచేద్దాం అనుకోవద్దు. పిండి టిన్ను అంచుకు అర అంగుళం కింద ఉండగానే స్విచ్ వేయండి. ఓవెన్ కోసం పిండి ఎదురుచూసే ఆ పావుగంటలోనే చాలా లోఫులు మితిమీరి పొంగి, లోపల కూలిపోతాయి.

## 8. ఓటీజీలో బేకింగ్

- రెండు రాడ్లూ ఆన్ చేసి 200 డిగ్రీలకు 15 నిమిషాలు వేడిచేయండి. ఫ్యాన్ సదుపాయం ఉంటే ఆపేయండి.
- టిన్ను కింది అరలో పెట్టండి, పొంగిన పైభాగానికీ పై రాడ్డుకూ మధ్య కనీసం నాలుగు వేళ్లు ఉండాలి.
- తలుపు మూయగానే 180కి తగ్గించండి.
- 18 నిమిషాల తర్వాత పైన రంగు బాగా వస్తే అల్యూమినియం ఫాయిల్‌ను గుడారంలా కప్పండి.
- మొత్తం 30 నుంచి 35 నిమిషాలు.

చిన్న ఓటీజీల్లో గుండీ మీద రాసిన వేడికీ లోపలి వేడికీ పొంతన ఉండదు. లోపల వేలాడదీసే ఓవెన్ థర్మామీటర్ తక్కువ ఖర్చుతోనే దొరుకుతుంది, కొనుక్కోండి, రెసిపీలు మార్చుకుంటూ పోయే అవస్థ తప్పుతుంది.

పైన బంగారు రంగు వచ్చినంత మాత్రాన ఉడికినట్టు కాదు. పుల్లను గుచ్చి చూడటం కేకుకు పనికొస్తుంది గానీ బ్రెడ్డుకు నమ్మలేం. గుచ్చే థర్మామీటర్ ఉంటే లోఫ్ నడిమధ్య 93 నుంచి 96 డిగ్రీలు చూపాలి. లేకపోతే లోఫ్‌ను టిన్నులోంచి తీసి అడుగున తట్టండి, డొల్ల శబ్దం రావాలి, పక్కలు కూడా లేత రంగు తిరిగి ఉండాలి. పక్కలు తెల్లగా మెత్తగా ఉంటే టిన్ను లేకుండానే ఇంకో ఐదు నిమిషాలు లోపల పెట్టండి.

బయటికి తీయగానే పైన వెన్న రాయండి. పెచ్చు మెత్తబడేది దానితోనే. ఐదు నిమిషాలకు టిన్నులోంచి తీసి జాలీ స్టాండు మీద పెట్టండి, టిన్నులోనే వదిలేస్తే ఆవిరి చెమటై అడుగు తడిసిపోతుంది.

రెండు గంటలు ఆగి కోయండి. వేడిలో లోపలి గుజ్జు ఇంకా నిలదొక్కుకోదు, కత్తికి జిగురుగా అంటుకుని ముక్క నలిగిపోతుంది. రంపపు పళ్ల కత్తిని నొక్కకుండా ముందుకూ వెనక్కూ లాగండి.

## 9. ఏది తప్పితే ఏం చేయాలి

లోపల బిగువుగా, బరువుగా వచ్చింది. మైదా ఎక్కువైంది, లేదా పిసికింది చాల్లేదు, లేదా రెండో పొంగు తక్కువైంది. లోఫ్ పక్కన పెద్దగా చిరిగి ఉంటే మూడోదే కారణం. చిరగకుండా పొట్టిగా ఉంటే తూకం, పొర పరీక్ష చూసుకోండి.

పైభాగం కూలి గుంటపడింది, ముడతలు వచ్చాయి. రెండో పొంగు మితిమీరింది. వచ్చేసారి అంచుకు సమానంగా రాగానే ఓవెన్‌లో పెట్టండి, ఈస్ట్‌ను ఒక గ్రాము తగ్గించండి.

చల్లారాక పక్కలు లోపలికి లాక్కున్నాయి. ఉడకడం చాల్లేదు, లేదా టిన్నులో ఎక్కువసేపు ఉంచారు.

కల్లు వాసన, పులుపు. పిండి వేడెక్కి అతిగా పులిసింది. మూడో మెట్టులోని నీళ్ల లెక్క పాటించండి. ఎండాకాలంలో నాకు నచ్చిన మార్గం ఇంకోటి ఉంది: ఈస్ట్ 2 గ్రాములకు తగ్గించి, మొదటి పొంగును రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టడం. పొద్దున చల్లటి పిండి చుట్టడం కూడా హాయిగా ఉంటుంది, రుచీ బాగుంటుంది, కాకపోతే రెండో పొంగుకు కాస్త ఎక్కువ టైమిచ్చి చూసుకోవాలి.

మర్నాటికి పొడిపొడిగా రాలుతోంది. జావ వేయలేదు, లేదా తక్కువ వేడిలో చాలాసేపు బేక్ చేసి ఎండబెట్టారు. 150 డిగ్రీల దగ్గర 50 నిమిషాలు ఉంచితే మెత్తటి బ్రెడ్ రాదు.

పైన నల్లబడింది, లోపల పచ్చి. పై రాడ్డుకు దగ్గరైంది. అర కిందికి మార్చండి, ఫాయిల్ ముందుగా కప్పండి.

గోధుమపిండితో చేస్తే మెత్తగా రావడం లేదు. సగం మైదా, సగం గోధుమపిండితో మొదలుపెట్టండి. మన చక్కీ పిండి చాలా నీళ్లు తాగుతుంది, 25 నుంచి 30 గ్రాములు అదనంగా పోసి, ఆ 20 నిమిషాల విశ్రాంతిని 40 చేయండి. మొత్తం గోధుమపిండితోనే చేస్తే మైదా అంత ఎత్తు పొంగదు, ఆ తవుడు సాగే పొరల్ని మధ్యమధ్యలో తెంపేస్తుంది.

## 10. పిండి కలిపే ముందు చూసుకోవాల్సినవి

- తూకం, సరైన సైజు టిన్ను, నూనె రాసి సిద్ధం
- ఈస్ట్ బతికే ఉంది
- జావ పూర్తిగా చల్లారింది
- గది వేడి చూసి నీళ్ల వేడి లెక్కకట్టారు
- వెన్న మెత్తబడింది, కరిగిపోలేదు
- రబ్బర్ బ్యాండ్ వేసిన డబ్బా, తడి గుడ్డ దగ్గరున్నాయి
- వచ్చే మూడు గంటల్లో కరెంటు కోత లేదు

## 11. దాచడం

పూర్తిగా చల్లారాకే కవరులో పెట్టి కట్టండి. బయట రెండు రోజులు, వానాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఒకటిన్నర రోజు మించి నమ్మొద్దు, ఇందులో బేకరీల్లో వేసే నిల్వ మందులేవీ లేవు. ఎక్కడైనా చిన్న బూజు చుక్క కనిపిస్తే అంతవరకే గిల్లేసి తినకుండా లోఫ్ మొత్తం పారేయండి.

ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ఆ చల్లదనంలో ఉడికిన గంజి పదార్థం త్వరగా బిరుసెక్కి, బయట ఉంచినదాని కంటే ముందే గట్టిపడుతుంది. మొదటి రోజే అంతా కోసేసి, రెండేసి ముక్కల మధ్య బటర్ పేపర్ పెట్టి, కవరులో గాలి నొక్కేసి ఫ్రీజర్‌లో వేయండి, నెల రోజులు బాగుంటాయి. టోస్ట్‌కు నేరుగా పెనం మీద వేసుకోవచ్చు, పిల్లల లంచ్ బాక్సు శాండ్‌విచ్‌కైతే కవరులోనే ఉంచి పావుగంట ముందు బయట పెడితే చాలు.